ఇంటి ముందు విప్పి బిగించిన లారీ ఇంజన్ - దాని వెనక నూరేళ్ల కథ

ఇవాళ్టి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. పంట గురించి కాదు, లారీ డీజిల్ ఇంజన్ గురించి. అయితే చివరికి మన ట్రాక్టర్ దగ్గరికే వస్తాను, అందుకే ఈ పేజీలో రాస్తున్నాను.

నలభై దాటిన వాళ్లు ఇది చూసే ఉంటారు. చెట్టు కింద మూడు దుంగలు ముక్కాలిలా నిలబెట్టి, పైన చైన్ పుల్లీ కట్టి, లారీలోంచి ఇంజన్ పైకి లేపేవారు. కింద గోనెపట్టాల మీద పిస్టన్లు, వాల్వులు, బోల్టులు వరసగా పేర్చేవారు. ఒక డబ్బాలో కిరసనాయిలు, ఒక బ్రష్షు, పాత గుడ్డలు. మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు, లారీ ఓనరు. కొద్ది రోజుల్లో అదే ఇంజన్ మళ్లీ బండెక్కి ధాన్యం మోసేది. ఇంగ్లీషులో దీన్ని ఓవర్‌హాల్ అంటారు. మన నోట్లో పడి అది ‘ఓవరాయిలింగ్’ అయింది.

ఎక్కడో జర్మనీలో పుట్టిన యంత్రాన్ని, ఫ్యాక్టరీ అనేదే లేని ఊళ్లో, పెద్దగా చదువుకోని మేస్త్రి ఎలా విప్పి బిగించగలిగాడు? మనవాళ్ల చేతి తెలివి అంటాం. నిజమే గానీ అది సగమే. మిగతా సగం ఏంటంటే, ఆ ఇంజన్ చేసిన వాళ్లే ‘ఇది అరుగుతుంది, దీన్ని ఎవరో ఒకరు మళ్లీ విప్పుతారు’ అని ముందే అనుకుని చేశారు. ఆ విషయం మనం మర్చిపోతే రేపు నష్టపోయేది మనమే. అందుకే ఈ చరిత్ర.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్. ఆనాడు ఆవిరి యంత్రాలు పెద్ద పెద్ద మిల్లుల వాళ్లకే అందేవి. బాయిలర్ పెట్టాలంటే మామూలు వాడి వల్ల అయ్యే పని కాదు. చేతివృత్తుల వాళ్లకి, చిన్న పనివాళ్లకి కూడా సొంతంగా ఒక శక్తి యంత్రం ఉండాలి, లేకపోతే పెద్ద ఫ్యాక్టరీల ముందు నిలబడలేరు అనేది డీజిల్ ఆలోచనల్లో ఒకటి. 1892లో పేటెంటుకి పెట్టుకున్నాడు. ఆగ్స్‌బర్గ్ అనే ఊళ్లోని ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాక 1897లో ఇంజన్ పరీక్షకి నిలబడింది. ఇంధనంలో ఉన్న వేడిలో నాలుగో వంతుకి పైగా పనిగా మార్చింది. అప్పటి మామూలు ఆవిరి ఇంజన్లు అందులో సగం కూడా చేసేవి కావు.

దాని కిటుకు మీ అందరికీ తెలిసిందే. స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని బాగా నొక్కితే అదే వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి నూనె చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం చూశారు కదా, అదే సూత్రం.

వేరుశనగ రైతులకి ఇక్కడో ముచ్చట చెప్పాలి. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఆఫ్రికాలోని తమ వలసల్లో వేరుశనగ బాగా పండుతుంది కాబట్టి ఫ్రెంచి ప్రభుత్వం అడిగి చేయించిన పని అది. ఇంజన్లో ఏమీ మార్చకుండానే నడిచింది. మొక్కల నూనెలకి ముందు ముందు విలువ రావచ్చని డీజిల్ 1912లో రాశాడు కూడా. ఆ మరుసటి ఏడు 1913 సెప్టెంబరులో ఇంగ్లండుకి ఓడలో వెళ్తూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. తర్వాత సముద్రంలో శవం దొరికింది. తన పేరున్న ఇంజన్ లారీలో తిరగడం ఆయన చూడలేదు.

లారీలోకి ఎందుకు రాలేదంటే, మొదటి డీజిల్ ఇంజన్లు మనిషి కంటే ఎత్తు. నూనెని లోపలికి కొట్టడానికి వేరే గాలి కంప్రెసర్ కావాలి. అంత బరువు రోడ్డు మీద మోసేదెవరు? అందుకని ఓడల్లో, పవర్‌హౌసుల్లోనే ఉండిపోయింది. కంప్రెసర్ లేకుండా నూనెనే ఒత్తిడితో చిమ్మే పద్ధతి కుదిరాక 1923, 1924 ప్రాంతంలో జర్మనీలో బెంజ్, డైమ్లర్, మాన్ కంపెనీలు డీజిల్ లారీలు బయటికి తెచ్చాయి. 1927 నుంచి రాబర్ట్ బాష్ కంపెనీ నూనె పంపుల్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. అసలు మలుపు అదే. ఇంజన్ ఎవరు చేసుకున్నా, పంపు, నాజిల్ కొనుక్కుని బిగించుకోవచ్చు. ఆ పంపు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక మన దేశం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు రేషన్ అయితే బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడిపారు. ‘బొగ్గు బస్సు’ మాట మన పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వదిలేసిన పాత లారీలు వేలంలో కొని నడిపిన వాళ్లు చాలామంది. వాటికి సామాను దొరికేది కాదు. దొరక్కపోతే లేతు మీద చేయించుకోవాలి, లేదా ఇంకో పాత బండి నుంచి పీకాలి. మన మేస్త్రుల మొదటి బడి అదే.

1953లో టారిఫ్ కమిషన్ చెప్పిన మాట మీద ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. బయటి నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ కూర్చి అమ్మడం కుదరదు, ఇక్కడే తయారుచేసే వాళ్లే ఉండాలని. జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఇక్కడ బండ్లు కూర్చడం ఆపేసి వెళ్లిపోయాయి. 1954లో టాటా వాళ్లు డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. ముందు మూడు కొమ్మల నక్షత్రం గుర్తుండే ‘టాటా బెంజి’ అదే. 1969లో ఒప్పందం అయిపోయి ఆ నక్షత్రం పోయింది. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. మద్రాసులోనే సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ ఇంజన్లు చేసింది. మాసీ ట్రాక్టర్ నడిపే వాళ్లకి సింప్సన్ పేరు చెప్పక్కర్లేదు.

బండ్లతో పాటు విడిభాగాలు కూడా ఇక్కడే మొదలయ్యాయి. 1949లో మద్రాసులో ఇండియా పిస్టన్స్. 1951లో బెంగళూరు మైకో, అంటే ఆ జర్మనీ బాష్ వాళ్ల భాగస్వామ్యంతో వచ్చిన కంపెనీ. అందుకే ఇప్పటికీ మన పల్లెల్లో ‘మైకో పంపు’, ‘మైకో నాజిల్’ అంటాం. కంపెనీ పేరు 2008లో బాష్ అని మారింది గానీ మన నోటి మాట మారలేదు.

ఈ విధానం మంచిదా చెడ్డదా అని చదువుకున్న వాళ్లు వాదించుకుంటారు. కొత్త లారీకి డబ్బు కట్టి ఎదురుచూడాల్సి వచ్చిందన్నది నిజం. ఒకే నమూనా ఇంజన్ ఏళ్ల తరబడి రోడ్ల మీద తిరిగిందన్నదీ నిజం. కానీ రిపేరు చేసేవాడి వైపు నుంచి చూడండి. ఇరవై ఏళ్లు అదే ఇంజన్ చేసిన మేస్త్రికి కళ్లు మూసుకున్నా బోల్టు ఎక్కడుందో తెలుస్తుంది. ఏ టౌన్లో షాపుకెళ్లినా లైనర్, పిస్టన్, రింగులు దొరుకుతాయి. కొత్త బండి దొరకదు కాబట్టి పాతదాన్ని బాగుచేసుకోవడమే లాభం.

ఆ ఇంజన్ల పేర్లలోనే లెక్క ఉండేది చూడండి. టాటా 692 అంటే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. 407 బండిలో వచ్చిన 497 అంటే నాలుగు సిలిండర్లు, అదే 97. పేరు చదివితే చాలు, ఏ సైజు సామాను అడగాలో సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంజన్ లోపలికి వెళ్దాం. ‘బండి బోరుకొచ్చింది’ అంటాం కదా, అసలు ఏమవుతుందంటే, పిస్టన్ రింగులు సిలిండర్ గోడని రుద్దుతూ పైకీ కిందికీ తిరుగుతాయి. పైన రింగు ఆగి వెనక్కి మళ్లే చోట మంట వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. అందుకని అక్కడే ఎక్కువ అరుగుతుంది. హెడ్డు విప్పి గోటితో గీస్తే అక్కడ చిన్న మెట్టులా తగులుతుంది. ఫిల్టర్ సరిగా లేక దుమ్ము లోపలికి పోతే అరుగుదల ఇంకా తొందరగా వస్తుంది. అప్పుడు మంట సందుల్లోంచి కిందికి దిగుతుంది, ఆయిల్ పైకెక్కి కాలుతుంది. నీలం పొగ, పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, ఆయిల్ మూత తీస్తే గుప్పున పొగ రావడం, ఇవన్నీ దాని గుర్తులు.

చేసినవాళ్లు దీనికి ముందే దారి పెట్టారు. సిలిండర్ లోపల లైనర్ అనే గొట్టం ఉంటుంది. అరిగితే బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్ వేయొచ్చు, లేదా లైనర్ తీసేసి కొత్తది దించొచ్చు. బ్లాకు మాత్రం అదే. క్రాంకు షాఫ్టు అరిగితే గ్రైండింగ్ చేసి, తగ్గినంత మందం ఎక్కువున్న బేరింగులు వేస్తారు. ఆ సైజులకి అంకెలున్నాయి. స్టాండర్డ్, పది, ఇరవై, ముప్పై, నలభై. పది అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే పది భాగాలు, మన మిల్లీమీటర్లలో పావు. ఈ సైజులు ఫ్యాక్టరీ పుస్తకంలోనే అచ్చేసి ఉంటాయి, ఆ సైజుల బేరింగులు షాపులో డబ్బాల్లో ఉంటాయి. అంటే ఇంజన్ పుట్టిన రోజే దానికి నాలుగైదు జన్మలు రాసిపెట్టారన్నమాట.

అంతకు ముందు బేరింగులు ఇలా ఉండేవి కావు. తెల్ల లోహాన్ని కరిగించి అక్కడికక్కడే పోత పోసి, గంటల తరబడి చేత్తో గీకి సరిచేయాలి. అది అందరివల్లా అయ్యే పని కాదు. రెడీగా సైజుల్లో దొరికే పల్చటి బేరింగు చిప్పలు వచ్చాకే ఈ పని మామూలు మేస్త్రి చేతికి అందింది.

చెట్టు కింద పని అన్నంత మాత్రాన అడ్డదిడ్డంగా చేసేవారు కాదు. హెడ్డు బోల్టులు విప్పేటప్పుడు చివర్ల నుంచి మధ్యకి రావాలి, బిగించేటప్పుడు మధ్య నుంచి చివర్లకి పోవాలి. అదీ ఒకేసారి కాదు, రెండు మూడు విడతలుగా. లేకపోతే హెడ్డు వంగి గ్యాస్కెట్ కొట్టేస్తుంది. ఏ క్యాపు ఏ రాడ్డుదో అంకె చూసి దానికే పెట్టాలి. రింగుని ఒట్టి బోరులో పెట్టి, కొసల మధ్య సందు ఫీలర్ గేజితో కొలవాలి. 97 బోరుకి సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది, ఆఖరి మాట మాత్రం పుస్తకానిదే. సందు లేకపోతే వేడికి రింగు సాగి, కొసలు గుద్దుకుని గోడని చీరేస్తుంది. బేరింగు క్యాపులు బిగించాక క్రాంకు చేత్తో తిప్పితే తిరగాలి. పట్టేస్తే మళ్లీ విప్పాల్సిందే.

ఆరు సిలిండర్ల ఇంజన్ నేర్చుకునే కుర్రాడికి మేస్త్రి మొదట కంఠతా పట్టించేది ఒక వరస. 1-5-3-6-2-4. ఏ సిలిండర్ తర్వాత ఏది మండుతుందో ఆ వరస. చాలా లారీ ఇంజన్లకి ఇదే. నేను చిన్నప్పుడు మా ఊళ్లో కుర్రాళ్లు దీన్ని ఎక్కంలా చదవడం విన్నాను. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒక మనిషి చెక్కపలక పట్టుకుని గాలి గొట్టం దగ్గర నిలబడేవాడు. పంపు సరిగా కూర్చోక ఇంజన్ రేసు పట్టుకుంటే, తాళం తిప్పినా ఆగదు. గాలి మూసేస్తేనే ఆగుతుంది. ఆ జాగ్రత్త తెలియక ఇంజన్లు ముక్కలు చేసుకున్న వాళ్లున్నారు.

అయితే అన్నీ చెట్టు కిందే జరిగేవి కావు. క్రాంకు గ్రైండింగు, బోరింగు, హెడ్డు ఫేసింగు టౌనుకి వెళ్లాలి. మనకి విజయవాడ ఆటోనగర్ ఆ అవసరంలోంచే ఎదిగింది. మద్రాసు-కలకత్తా రోడ్డు, హైదరాబాదు-బందరు రోడ్డు కలిసే ఊరు అది. లారీలు ఆగుతాయి, ఆగిన చోట రిపేరు పుడుతుంది. 1960ల్లో ఊరి బయట జవహర్ ఆటోనగర్ ఏర్పడ్డాక ఒక్కో పనికి ఒక్కో షెడ్డు వచ్చింది. ఒకరు క్రాంకులే చేస్తారు, ఒకరు రేడియేటర్లే, ఒకరు బాడీలే కడతారు. మన రైతు క్రాంకుని గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేసుకెళ్లి, సాయంత్రానికి గ్రైండింగు చేయించుకుని వచ్చేవాడు. ఇంటి పనికీ టౌను పనికీ మధ్య ఆ సర్దుబాటు ఉండబట్టే ఇదంతా నడిచింది.

ఇంకొకటి, ఆ రోజుల్లో కూడా మేస్త్రి ముట్టుకోని పెట్టె ఒకటి ఉండేది. అదే పంపు. దాని లోపల ప్లంజరుకీ దాని గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యి భాగాలు చేస్తే రెండు మూడు భాగాలు. మన ఊరి దుమ్ము కణం అందులో పట్టదు. అందుకని మంచి మేస్త్రి ఎవరైనా ‘పంపు మాత్రం విప్పొద్దు, కాలిబ్రేషన్ షాపుకి ఇవ్వండి’ అనేవాడు. ఆ గీత అందరికీ తెలుసు. ఇంజన్ మనది, పంపు మైకో డీలరుది.

ఇప్పుడు జరిగిందేమిటంటే, ఆ ముట్టుకోకూడని పెట్టె పెరిగి పెరిగి ఇంజన్ మొత్తాన్ని మింగేసింది. 1995లో జపాన్‌లో మొదటిసారి లారీకి కామన్ రైల్ వచ్చింది. పాత నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడికి తెరుచుకునేది. కామన్ రైల్లో అది 1600, 2000 బార్ దాకా పోతుంది. ఎప్పుడు ఎంత చిమ్మాలో కంప్యూటర్ చెబుతుంది. మన దగ్గర దేశమంతటా 2017 ఏప్రిల్లో బీఎస్ 4, 2020 ఏప్రిల్లో బీఎస్ 6 వచ్చాక లారీల్లో ఇదే మామూలైపోయింది. వీటిలోనూ పిస్టన్ ఉంది, లైనర్ ఉంది, క్రాంకు ఉంది. అవి ఇప్పటికీ చేత్తో విప్పొచ్చు. కానీ ఇంజెక్టర్ మార్చితే దాని మీదున్న కోడ్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అందుకు సాఫ్ట్‌వేర్ కావాలి. అది మేస్త్రి దగ్గర ఉండదు. పాతకాలంలో పుస్తకం చదివితే తెలిసే సంగతి ఇప్పుడు తాళం వెనక ఉంది.

నేను పొగ ఇంజన్ల తరఫున వాదించడం లేదు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. లారీ వెనక బండి మీద పోయే మన పిల్లల ఊపిరితిత్తులు కూడా లెక్కే. కొత్త ఇంజన్ తక్కువ పొగ వదులుతుంది, మంచిదే. నా బాధ అంతా సమాచారం గురించి. పొగ తగ్గడానికి కంప్యూటర్ కావాలి, ఒప్పుకుంటాను. ఆ కంప్యూటర్ ఏమంటోందో బండి కొన్నవాడికి తెలియకూడదు అనడానికి పొగతో సంబంధం లేదు.

ఇది మన ఒక్కళ్ల గోల కాదు. అమెరికాలో పెద్ద పెద్ద రైతులే ఈ విషయంలో గొడవకి దిగారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు చట్టం చేసింది, 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. తయారీదారు రైతుకీ, బయటి మెకానిక్కుకీ విడిభాగాలు, పనిముట్లు, సాఫ్ట్‌వేర్, మాన్యువల్ అందుబాటులో పెట్టాలని దాని సారాంశం. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అందులో మొదటి వరసలో పెట్టిన రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. మన దగ్గర విషయం ఇంకా కొలరాడోలా చట్టం దాకా రాలేదు.

ఇక మన ట్రాక్టర్. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, వాటితో పాటే కామన్ రైలూ వచ్చింది. మనలో ఎక్కువమంది దగ్గరున్నవి అంతకంటే చిన్నవి, పాత పంపువే. కాబట్టి ఇంకా టైముంది. లారీ వాళ్లకి జరిగింది చూసి మనం ముందే మేలుకోవచ్చు.

ఏం చేయాలంటే, కొత్త ట్రాక్టర్ కొనే రోజే వర్క్‌షాపు మాన్యువల్, విడిభాగాల పుస్తకం అడగండి. డబ్బులు ఇచ్చేటప్పుడే మన మాట చెల్లుతుంది, తర్వాత ఎవరూ వినరు. స్కానరు బయట మెకానిక్కుకి దొరుకుతుందా అని కూడా అడగండి. పాత ఇంజన్ ఉన్నవాళ్లు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎప్పుడు పని జరిగింది, క్రాంకు ఎన్నో సైజులో ఉంది, ఏ సైజు పిస్టన్ వేశారు, తేదీతో రాయండి. ఆ క్రాంకు ముప్పైలో ఉందో నలభైలో ఉందో తెలియక మంచి ఇంజన్ పాత ఇనుముకి పోతుంది. మండలంలో ఒక స్కానరు పదిమంది రైతులు కలిసి కొనుక్కుని, ఐటీఐ చదివిన కుర్రాడికి అప్పగిస్తే అది కూడా ఒక దారే. పాత మేస్త్రి చెవికీ, కొత్త కుర్రాడి కంప్యూటర్‌కీ జత కుదిరితే మనకి చాలా పనులు ఇంటి దగ్గరే అవుతాయి.

కోతల సమయంలో బండి ఆగితే ఒక్కో రోజు ఎంత విలువో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆకాశం మబ్బేసి కల్లంలో ధాన్యం ఉన్నప్పుడు, ఎక్కడి నుంచో మనిషి లాప్‌టాప్ పట్టుకుని వచ్చేదాకా కూర్చోవాలా, లేక ఊళ్లో మేస్త్రిని పిలుచుకోగలమా అన్నదే మన ప్రశ్న.

మీ ఊళ్లో మొదటి డీజిల్ లారీ ఎప్పుడొచ్చింది, దాని ఇంజన్ ఎక్కడ విప్పారు, అప్పట్లో సామాను ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి. వాళ్లు ఉండగానే అడగండి. ఈ సంగతులు ఏ పుస్తకంలోనూ దొరకవు.

ఉంటాను.